ఆమెన్ చెప్పడానికి వచ్చినవాళ్ళు

హనుక్కా వారం, ఆదివారం

నాతోటి మేస్త్రీ షబ్బో మా మందిరంలో నా పేరు వేదిక మీద పలికి ఇరవై ఏళ్ళు దాటింది. ఎందుకు పలికాడో ఇంతవరకు చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగాల్సింది నేను కాదు, వచ్చి చెప్పాల్సింది వాడు.

అప్పట్లో గోడ కడుతూ పరంజా మీద నుంచి పడి, కాలు విరిగి ఇంట్లో ఉన్నాను. సబ్బాతు నాడు తోరా చదవడం అయింది. ఆ గ్రంథపు తోలుచుట్ట ఇంకా బల్ల మీదే ఉంది. షబ్బో లేచి అందరి ముందూ అన్నాడట: "మూర్దఖ్ పడిపోయాడు. వాళ్ళింట్లో పొయ్యి వెలగడం లేదు. ఇంటికొక గిన్నె పంపండి."

మా ఇంట్లో పొయ్యి వెలగడం లేదని వాడికెవడు చెప్పాడు? బియ్యం ఉన్నాయి. పప్పు ఉంది. నాకు తెలుసు, ఉన్నాయి.

మర్నాటి నుంచి గుమ్మంలో గిన్నెలు. మూత తీసి చూడలేదు. అన్నీ మా ఆవిడ చేత తిప్పి పంపించాను. నా ఉలి సంపాదించింది తిన్నాను, పైవాడు ఇచ్చింది తిన్నాను. భోజనం అయ్యాక చదివే స్తోత్రంలో ఉంది కదా, రక్తమాంసాలున్న మనుషుల దానం కోసం మేము ఎదురుచూసేట్టు చెయ్యకు, నీ నిండు చెయ్యి ఒక్కటే మాకు చాలు అని. అందరూ నోటితో చదువుతారు. నేను చదివినట్టు బతికాను.

గిన్నెలు తిరిగొచ్చాయని షబ్బోకి కోపం వచ్చింది కాబోలు, మా మందిరం వదిలేసి వీధి ఎగువనున్న పెద్ద మందిరానికి పోయాడు. అక్కడ హీటర్లున్నాయి, తివాచీ ఉంది. పోనీ.

ఇదంతా మా ఆవిడ అస్మర్‌కి చెప్పేవాణ్ణి. ఆమె చిక్కుళ్ళు ఒలుస్తూ వినేది, విన్నట్టయినా ఉండేది. కిందటి చలికాలం చివర్న, పూరీం పండగ వెళ్ళిన వారానికి పోయింది. ఇప్పుడు చెప్పుకోడానికి గోడ ఉంది, ఈ కాగితం ఉంది. గోడకి రాయడం రాదు. నాకూ అంతంతమాత్రమే.

మంగళవారం

మాకు పిల్లలు లేరు. అందుకని అస్మర్ కోసం కద్దీష్ నేనే చెబుతున్నాను. పోయినవాళ్ళ కోసం బిడ్డలు పదకొండు నెలలు, పొద్దునా సాయంత్రం నిలబడి దేవుణ్ణి పొగడాలి. విన్నవాళ్ళు ఆమెన్ అనాలి. మొగుడికి నెల చాలన్నాడు మా మందిరం గురువు హఖామ్ యోనా. "మిగతాది ఎవడు చెబుతాడు, నీ బాబా?" అన్నాను. ఆయన గడ్డం గోక్కున్నాడు.

షెవాత్ నెలలో, చెట్ల పండగ దాటాక, అయిపోతుంది.

చిక్కు ఒక్కటే. పదిమంది మగాళ్ళుంటేనే కద్దీష్. తగ్గితే నోరు మూసుకోవడమే. మందిరం నేనూ షబ్బో, ఇంకా కొందరు మేస్త్రీలం మా చేతుల్తో కట్టాం. అప్పుడు నిలబడ్డానికి చోటుండేది కాదు. ఇప్పుడు ఒకడు మట్టిలో ఉన్నాడు, ఒకడు వృద్ధుల ఇంట్లో ఉన్నాడు, ఇంకొకణ్ణి వానొస్తే పెళ్ళాం గడప దాటనివ్వదు. ఉన్నది ఎనిమిది మందిమి. మిగతా ఇద్దరు ఏ రోజుకారోజు దేవుడు పంపాలి.

పంపుతున్నాడు. ఇంతవరకు ఒక్క పూట తప్పలేదు.

గురువారం

వాన. పంపాడు.

తెవేత్ నెల, ఆదివారం

దేవుడు పంపినవాళ్ళు రోజూ వాళ్ళే ఎందుకవుతున్నారో నాకు అర్థం కావడం లేదు.

ఒకడు బస్సు డ్రైవరు, పేరు హనునేల్. నీలం చొక్కా, నడుముకి తాళాల గుత్తి. ఇంకొకడు ఓవాద్యా, బజారులో ఆకుకూరలు అమ్ముతాడు. వీళ్ళు మా వీధివాళ్ళు కాదు. మా పాత ఊరినుంచి వచ్చిన కుర్దు యూదుల కుటుంబాలవాళ్ళే, కానీ ఉండేది వీధి ఎగువన. అక్కడ హీటర్లున్న మందిరం పెట్టుకుని ఈ చెమ్మగోడల మధ్యకి ఎందుకొస్తున్నట్టు?

ఈ ఉదయం డ్రైవర్ని పట్టుకున్నాను.

"మా వీధిలోకి నీ బస్సు రాదు కదా."

"బస్సు రాదు మామా, నేనొస్తాను."

"ఎందుకు?"

"ప్రార్థనకి. మీరు ఇక్కడ ఇంకేమన్నా పెడతారా?"

నవ్వుతున్నాడు. నవ్వే మనిషి నా దగ్గర మార్కులు కొట్టలేడు.

మంగళవారం

ఓవాద్యా ఇవాళ పైకప్పు వైపు చూశాడు. ప్రార్థన పుస్తకం తెరిచే ఉంది, కళ్ళు మాత్రం బీట దగ్గర ఉన్నాయి. అయ్యాక అడిగాడు, "ఎన్నాళ్ళయింది మామా ఇది కట్టి?"

"కొంటావా?"

"కొత్తిమీర కట్టలు అమ్మేవాణ్ణి, కప్పులు కొంటానా."

"అమ్మేవాడెవడూ ఇక్కడ లేడు. అది తెలుసుకో ముందు."

"సరే మామా, తెలుసుకున్నా. ఆ బీట మీద సిమెంటు రాయించండి, నీళ్ళు దిగుతాయి."

కట్టినవాడికి చెబుతున్నాడు.

బుధవారం

పక్క సందులో ఉన్న మందిరం ఇలాగే పోయింది. ముందు కొత్తవాళ్ళు వచ్చారు, మర్యాదగా వెనక బల్ల మీద కూర్చున్నారు, అందరితో పాటు ఆమెన్ అన్నారు. ఆ తర్వాత సమావేశం అన్నారు, చెయ్యెత్తమన్నారు. కొత్తవాళ్ళ చేతులే ఎక్కువ లేచాయి. ఇప్పుడా కిటికీలో ఎవరో పరదేశం వాళ్ళు పూలకుండీలు పెట్టుకున్నారు.

మందిరం తాళంచెవి రాత్రి పూట ఎప్పుడూ గూటిలో ఉంచేవాళ్ళం. ఇవాళ తీసి జేబులో పెట్టుకున్నాను.

శుక్రవారం, సబ్బాతు రాకముందు

వాళ్ళ పక్కనే నిలబడి విన్నాను. నిజంగా ఆమెన్ అంటున్నారా, పెదవులు ఆడిస్తున్నారా అని. డ్రైవరు గట్టిగానే అంటున్నాడు. ఓవాద్యా ఒకసారి ఆవలించాడు, ఆవలింత మధ్యలో అన్నాడు. అలాంటి ఆమెన్ పైకి చేరుతుందా అని హఖామ్‌ని అడిగాను.

"తెల్లారకముందు బజారుకి సరుకు దింపి వస్తాడయ్యా. చేరుతుంది."

"నీకెలా తెలుసు వాడేం చేస్తాడో?"

హఖామ్ టీ గ్లాసులోకి చూశాడు. ఈయనకి ఏదో తెలుసు.

శనివారం, సబ్బాతు వెళ్ళాక

సబ్బాతు సాయంత్రం తినే మూడో భోజనం దగ్గర హఖామ్ యోనాని వదల్లేదు.

"ఆ ఇద్దర్నీ ఎవరు తెచ్చారు?"

"ఎవరు తెస్తేనేం, పదిమంది అవుతున్నారు. నువ్వు కద్దీష్ చెబుతున్నావు, అస్మర్‌కి అందుతోంది."

"దేవుడు పంపాడనుకున్నాను."

"ఆయనే పంపాడు. కాకపోతే నడిచొచ్చారు, ఎగిరి రాలేదు."

"మాటలొద్దు. నేను దేవుణ్ణి నమ్ముకున్న మనిషిని. ఒకరి చెయ్యి చూడను."

"నువ్వు పైన రాయి పేర్చేటప్పుడు కింద నుంచి ఎవరందించేవాళ్ళు?"

"కూలివాడు. సాయంత్రం వాడి కూలి వాడి చేతిలో పెట్టాను. అది పని, దానం కాదు."

"మరి ఆమెన్‌కి కూలెంత?"

ఈ హఖామ్‌లు మాటలు అమ్ముకుని బతికేవాళ్ళు. బేరం వాళ్ళకి తెలిసినట్టు మనకి తెలియదు.

కానీ ఒకటి అడగాల్సింది, అప్పుడు తట్టలేదు. నన్నే నమ్ము అని చెప్పిన దేవుడు, కద్దీష్ చెప్పాలంటే ఇంకో తొమ్మిది మంది కావాలని ఎందుకు పెట్టాడు? నేనూ ఆయనా మాట్లాడుకుంటుంటే మధ్యలో వీళ్ళెందుకు? ఇల్లు కట్టిన మేస్త్రీని నేను. ఇది ప్లానులో లోపం అంటాను.

సోమవారం

తేలిపోయింది.

ఉదయం ప్రార్థన అయ్యాక తలుపు గడియ వేసి అడ్డం నిలబడ్డాను. ముసలాళ్ళు బల్లల మీదే కూర్చున్నారు. హఖామ్ పుస్తకాలు సర్దుతూ వెనక్కి తిరగలేదు.

"మిమ్మల్ని ఎవరు పంపుతున్నారో చెప్పి కదలండి."

"మామా, బస్సుకి టైమైంది," అన్నాడు హనునేల్. "స్టాపులో జనం చలికి వణుకుతుంటారు."

"వణకనీ."

వాడు ఓవాద్యా మొహం చూశాడు. ఓవాద్యా నేల చూశాడు.

"షబ్బో మామ," అన్నాడు హనునేల్. "నోరు మూసుకుని వెళ్ళండి, కూర్చోండి, ఆమెన్ అనండి, వచ్చెయ్యండి అన్నాడు. ఇప్పుడు నోరు తెరిచాను, ఇక నా తాట తీస్తాడు."

"వేదిక ఎక్కి చెప్పాడా?"

"ఏ వేదిక?"

"నా పేరు పలికాడా జనంలో?"

"లేదు మామా. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని అడిగాడు. నన్ను ఒకసారి, వీణ్ణి ఒకసారి."

మెట్ల దగ్గరైతే మాత్రం. నా ఇంటి సంగతి మళ్ళీ వాడి నోట్లోనే. ఈసారి మందిరం కోసమో, పేరు కోసమో, నన్ను చివరిదాకా తన కింద ఉంచుకోడం కోసమో, ఏదో ఒకటి ఉంది. ఊరికే చేసే మనిషి ఎవడూ లేడు, షబ్బో అసలే కాదు.

"రేపట్నుంచి రావొద్దు," అన్నాను. "మీ షబ్బోకి చెప్పండి, మూర్దఖ్‌కి ఎవరి మనుషులూ అక్కర్లేదని."

ఓవాద్యా మొదటిసారి తలెత్తాడు. "మేం మీ కోసం రావడం లేదు కదా మామా. ఆవిడ కోసం."

"ఆవిడ నీకేమవుతుంది?"

"ఏమీ కాదు. శుక్రవారం శుక్రవారం నా దగ్గర కొత్తిమీర కొనేది. కొన్నన్నాళ్ళూ వాడిపోయింది ఇచ్చావని తిట్టింది."

గడియ తీశాను. వెళ్ళారు.

మంగళవారం

మనుషుల్ని మేం అంకెలతో లెక్కపెట్టం. కీర్తనల్లో పది మాటల వాక్యం ఒకటుంది, నీ జనాన్ని కాపాడు, వాళ్ళని మోసుకుపో అని. తలకొక మాట అనుకుంటూ పోతాం. ఇవాళ హఖామ్ వేలు చూపకుండా, కళ్ళతో ఒక్కొక్కరినీ తాకుతూ అన్నాడు. చివరి రెండు మాటలకి తలలు లేవు. 'ఎన్నటికీ, ఎల్లకాలం' అని ఖాళీ బల్ల వైపు చూసి ఊరుకున్నాడు.

ఇలాంటప్పుడు ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి దారిన పోయేవాళ్ళని పిలవాలి, మనిషి తగ్గాడు రమ్మని. అది ఆచారం, సిగ్గుపడే పని కాదు. కద్దీష్ ఎవరిదో వాళ్ళే పిలుస్తారు.

వెళ్ళి నిలబడ్డాను. రొట్టెల సంచితో ఒకడు పోయాడు. ఫోను చెవికి పెట్టుకుని ఒకడు పోయాడు. సైకిలు తోసుకుంటూ ఒకడు నా మొహంలోకి చూసి కొంచెం ఆగాడు కూడా, ఏమన్నా కావాలా అన్నట్టు.

"ఏంటి చూస్తావు," అన్నాను.

పోయాడు.

వాన పెరిగింది. లోపలికి వచ్చి, నా చోట్లో కూర్చుని, ఎవరికి వాళ్ళం లోలోపల చదువుకున్నాం. కద్దీష్ దగ్గర లేచాను, అలవాటు మీద. హఖామ్ తల అడ్డంగా ఊపాడు. కూర్చున్నాను.

బుధవారం

ఎనిమిది.

గురువారం

ఎనిమిది. సాయంత్రం ఏడు.

ఆదివారం

నేను బుర్ర వాడలేదు ఇన్నాళ్ళూ. పాత ఆలయంలో మిగిలిన పడమటి గోడ ఉండగా షబ్బో మనుషులెందుకు? అక్కడ ఏ వేళ పోయినా ప్రార్థన జరుగుతూనే ఉంటుంది. ఎవడూ ఎవడికీ పేరు చెప్పక్కర్లేదు, ఎవడూ ఎవడికీ మేలు చేసినట్టు కాదు. మొదటి బస్సెక్కి వెళ్ళాను. డ్రైవరు హనునేల్ కాదు, చూసుకునే ఎక్కాను.

గోడ దగ్గర గుంపులో కలిశాను. కద్దీష్ చెప్పాను. ఆమెన్ అన్నారు. తిరిగొచ్చాను. ఇంత తేలిక పనికి అంత రాద్ధాంతం.

మంగళవారం

గోడ దగ్గరవాళ్ళ నాలుకలు కొళాయి నీళ్ళు. నాది రాయి మీద ఉలి. నేను సగంలో ఉండగానే వాళ్ళు వేరే చోటికి వెళ్ళిపోతున్నారు. ప్రార్థన వరస కూడా మాది కాదు. ఇవాళ చివర్లో ఆమెన్ ఒక్కడే గట్టిగా అన్నాడు. చూస్తే డబ్బా ఆడిస్తూ చందా అడిగేవాడు.

ఇంకొకడు ఫోన్లో టైల్స్ బేరం చేస్తున్నాడు. పక్కవాణ్ణి అడిగాను, "వీణ్ణి లెక్కలోకి తీసుకోవచ్చా?"

"నిన్ను తీసుకున్నాం కదా," అన్నాడు.

గురువారం

ఆమె పేరు అక్కడ ఎవడికీ తెలియదు. తెలియాల్సిన పని లేదు. దేవుడికి తెలుసు.

ఆదివారం

గోడకి దిగే దారిలో, వానకి తడిసిన మెట్ల మీద కాలు జారింది. వెనక నుంచి ఎవడో మోచెయ్యి పట్టుకున్నాడు. వదలమన్నాను. వదిలేశాడు. పడ్డాను.

ఎడమ మణికట్టు వాచింది. విరగలేదన్నారు. మోకాలు కూడా. రాసేది కుడిచేత్తో, అది బానే ఉంది.

షెవాత్ నెల, మంగళవారం

ఇంట్లోనే. కద్దీష్ లేదు.

మంచం మీద ఉంటే పాత సంగతులు వస్తున్నాయి. కాలు విరిగినప్పుడు కూడా ఈ కిటికీ కిందే పడుకున్నాను. ఆ చలికాలం అస్మర్ చేసిన కుబ్బే, మాంసం కూరిన ఉండల పులుసు, రుచి మారింది. ఒక రోజు దుంపలు వేసిన పులుపు, ఒక రోజు గుమ్మడికాయ, ఒక రోజు పిండి మందం, ఒక్కో రోజు ఒక్కో ఇంటి వంటలా. నీ చెయ్యి మారిందేమిటి అని అడిగాను. మసాలా కొట్టు మార్చానంది. మళ్ళీ పరంజా ఎక్కిన రోజుల్లో పాత రుచికి వచ్చేసింది. కొట్టు మళ్ళీ మార్చినట్టుంది.

మంచి మసాలా కొట్టు కావాలంటే దగ్గరలోనే ఉంది. ఎందుకు మార్చిందో అడగలేదు అప్పుడు.

బుధవారం

హఖామ్ యోనా వచ్చాడు. గుమ్మంలోనే రెండు చేతులూ చూపించాడు. "తినడానికేం తేలేదు, కంగారు పడకు."

కూర్చోమన్నాను. కూర్చుని అడిగాడు.

"ఆఖరి కద్దీష్ చెట్ల పండగ తర్వాత ఆదివారం. ఎక్కడ చెబుతావు?"

"గోడ దగ్గర."

"ఆ మోకాలితోనా?"

"మన మందిరంలో చెబుదామంటే జనం లేరు కదా."

"ఉండేవాళ్ళు."

నేను ఆ ప్లాను లోపం సంగతి అడిగాను. తనని నమ్ముకున్నవాడికి తొమ్మిది మందిని అడ్డం ఎందుకు పెట్టాడని. హఖామ్ నవ్వలేదు. కోటు గుండీలు పెట్టుకున్నాడు.

"అది ఆయన్నే అడుగు మూర్దఖ్. నాకు చలేస్తోంది. కానీ ఒక్క మాట. అస్మర్ పోయిన రోజు ఆమెకి స్నానం చేయించిన ఆడవాళ్ళని నువ్వు పిలిచావా?"

"లేదు."

"గొయ్యి తవ్వింది నువ్వా?"

"కాదు."

"అప్పుడు ఎవర్నీ తిప్పి పంపలేదు నువ్వు."

వెళ్ళిపోయాడు. నేను తిప్పి పంపలేదంటే, అప్పుడు నాకు ఒంటి మీద తెలివి లేదు. దాన్ని ఒప్పుకున్నట్టు లెక్కెయ్యకూడదు.

శుక్రవారం

మందిరానికి వెళ్ళాను. ఎనిమిది. గుమ్మంలో నిలబడ్డాను. ఈసారి నోరు తెరిచాను.

"ఏయ్, నువ్వు. లోపలికి రా."

గడ్డం లేని కుర్రాడు, చేతిలో పూలు. "నేనేం చేశాను?"

"ఏం చెయ్యలేదు. లోపలికి రా."

వీధి దాటి అటువైపు నుంచి పోయాడు. తర్వాత ఇద్దరిని కూడా పిలిచాను. ఒకడు పోలీసువా అని అడిగాడు. ఇంకొకడు వచ్చాడు, పాపం మంచివాడు, పుస్తకం కూడా తీసుకున్నాడు. తీరా అడిగితే అర్మేనియావాడు, మావాడు కాదు. మర్యాద కోసం వచ్చాడట. టీ ఇచ్చి పంపాం.

ముసలాళ్ళు చాలాసేపు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. కొంచెం వచ్చింది.

ఆదివారం

వచ్చే ఆదివారం ఆఖరిది. ఆ తర్వాత అస్మర్ కోసం నేను నిలబడ్డానికి ఏమీ ఉండదు. ఏడాదికోసారి, ఆమె పోయిన రోజున, అంతే.

మందిరం గోడలు నేను పేర్చినవి. ఆడవాళ్ళ వైపుని వేరుచేసే జాలీ తెర పక్కన మూడో బల్ల దగ్గర ఆమె కూర్చునేది. జాలీలోంచి నా టోపీ వంకరగా ఉంటే సైగ చేసేది. ఆఖరిది ఆ గదిలోనే చెప్పాలి. టైల్స్ బేరాల మధ్య కాదు.

చెట్ల పండగ, మంగళవారం

షబ్బో ఇంటికి వెళ్ళాను.

పని ఉండి వెళ్ళాను. వాడి మనుషులు ఎందుకొచ్చారో తేల్చుకోడానికి. వీధి ఎక్కడానికి చాలాసేపు పట్టింది, మోకాలి వల్ల.

తలుపు తీసింది వాడి కూతురు సిమ్హా. చిన్నప్పుడు నా భుజం మీద కూర్చుని సున్నం బకెట్‌లోకి చూసేది. ఇప్పుడు జుట్టు నెరిసింది. బల్ల మీద పళ్ళెం నిండా బాదంపప్పు, ఖర్జూరాలు, అంజీరలు సర్దుతోంది.

"మూర్దఖ్ మామా? నువ్వేనా? ఎవరో దారి తప్పి వచ్చారనుకున్నా."

"మీ నాన్న ఏడి?"

"లోపల. పడుకుని ఉన్నాడు. మెట్లు దిగడం మానేశాడు మొన్న చలి మొదలయినప్పట్నుంచి. కూర్చో."

కూర్చోలేదు. లోపలి గదిలో దగ్గు వినబడుతోంది. నిద్రపోయేవాడి దగ్గు కాదు.

"మీ నాన్నకి మా మందిరం కావాలా?"

"ఆ కారే మందిరం ఏం చేసుకుంటాడు మామా?"

"మరి మనుషుల్ని ఎందుకు పంపాడు?"

"నీకు పదిమంది అవ్వడం లేదని హఖామ్ యోనా చెప్పాడు."

"అంత ప్రేమ ఉంటే తనే రావచ్చు కదా. పోయిన వేసవిలో కాళ్ళు బానే ఉన్నాయిగా."

సిమ్హా చెయ్యి ఆగింది. లోపలి గది వైపు చూసింది, గొంతు తగ్గించింది. తగ్గించినా ఆ ఇంట్లో అన్నీ వినబడతాయి.

"రావాలనే అనుకున్నాడు మామా. కోటు వేసుకుని వీధి మధ్యదాకా వచ్చి వెనక్కొచ్చాడు. ఎందుకంటే అన్నాడు, 'నేను లోపల అడుగు పెడితే మూర్దఖ్ లేచి బయటికి పోతాడు. ఒకణ్ణి కలపబోయి ఒకణ్ణి తీసేసినట్టవుతుంది. అస్మర్‌కి ఉన్న ఆమెన్ కూడా పోతుంది' అని. అప్పుడు వాళ్ళిద్దర్నీ అడిగాడు. నీకు చెప్పొద్దన్నాడు."

దీన్లో కూడా ఏదో ఉంటుందని చూశాను. అటూ ఇటూ తిప్పి చూశాను. వాడు చెప్పింది నిజమే, ఆ రోజైతే లేచి పోయేవాణ్ణి. నా గురించి వాడికి అంత తెలియడం నాకు నచ్చలేదు.

"అంజీర తీసుకో మామా, పండగ పూట."

చేతిలో పెట్టింది. దారిలో తిన్నాను. పారెయ్యడం పాపం కాబట్టి.

పోయే ముందు సిమ్హాతో చెప్పాను. సిమ్హాతోనే చెప్పాను, కానీ లోపలి గదికి వినబడేట్టు. దగ్గు ఆగింది, కాబట్టి విన్నాడు. ఏం చెప్పానో ఇక్కడ రాసి పెడుతున్నాను, రేపు వేరేలా విన్నామని అనకుండా.

ఆదివారం ఉదయం అస్మర్‌కి ఆఖరి కద్దీష్, మన మందిరంలో. ఇద్దరు తగ్గారు. మీ నాన్న రావాలి. పంపిన మనిషి వద్దు, తనే. మెట్లు దిగలేకపోతే కుర్చీలో కూర్చోబెట్టి తెమ్మను, ఆ డ్రైవరూ ఆ కొత్తిమీర వాడూ ఉన్నారు కదా, ఇద్దరూ చెరో పక్కా పట్టుకుంటారు. వాళ్ళనీ లోపలికి రమ్మన్నానని చెప్పు. వేదికకి దగ్గర చోటు కావాలంటే ఇస్తాను, గాలి తగలకుండా గోడ పక్కన కావాలన్నా ఇస్తాను. నేను లేవను. లేచి పోనని చెప్పు. కద్దీష్ మధ్యలో నా నాలుక ఆగితే వెనక నుంచి అందించడానికి మా వరస తెలిసినవాడు ఒకడుండాలి, అది వాడికే వచ్చు.

అవునో కాదో చెప్పమను. గురువారం సాయంత్రం ప్రార్థన లోపు చెప్పాలి. శుక్రవారం చెబితే నేను వినను.